తడి కంకర ఎంత నూనె తాగుతుంది?

ఒంగోలులో సివిల్ డిప్లొమా విద్యార్థులు, చుట్టుపక్కల మండలాల పంచాయతీ సభ్యులు కలిసి కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ రోడ్ల ఇంజినీరు చేసిన ప్రసంగం పాఠం

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసల్లో ఉన్నారు, పెద్దలు వెనక సర్దుకున్నారు. వెనక వాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

తారు రోడ్ల తయారీలో వచ్చే కాలుష్యం గురించి మాట్లాడమన్నారు. రోడ్డు వద్దని చెప్పడానికి నేను రాలేదు. కనిగిరి అవతల ఊళ్ల నుంచి కాన్పు కోసం ఒంగోలు పెద్దాసుపత్రికి వచ్చే ఆడబిడ్డకి రోడ్డు విలువేంటో తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తారు రోడ్డు వల్ల జరిగే హానిలో చాలా భాగం నీళ్లతో ముడిపడి ఉంది. తారు, కంకర కలిపే ప్లాంటులో కంకర తడిసి ఉండటం వల్ల కొంత, వేసిన రోడ్డు మీద నీళ్లు నిలవటం వల్ల మరికొంత. ఈ రెండూ మన చేతుల్లో ఉన్నవే. పెద్ద పెద్ద యంత్రాలు కొనకపోయినా, విదేశీ టెక్నాలజీ రాకపోయినా సగం సరిదిద్దుకోవచ్చు. అందుకే ఇవాళ ఇంత దూరం వచ్చాను.

ముందు ఒక కిలోమీటరు రోడ్డు తీసుకుందాం. రెండు లైన్లు, 7 మీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. అంటే తారు, రాయి కలిపిన మిక్స్ 350 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 2.4 టన్నులు వేసుకుంటే 840 టన్నులు. ఇందులో తారు 5 శాతం దాకా, అంటే 42 టన్నులు. మిగతా 800 టన్నులు రాయి: 20 ఎంఎం, 10 ఎంఎం కంకర చిప్స్, రాయి పగలగొట్టినప్పుడు వచ్చే పొడి, అంటే క్రషర్ డస్ట్. కంటికి నల్లగా కనపడుతుంది కాబట్టి తారు రోడ్డంటాం గానీ, అది దాదాపు అంతా రాయే.

తారు సంగతి త్వరగా చెప్పేస్తాను. ముడి చమురుని రిఫైనరీలో కాచి గ్యాసు, పెట్రోలు, డీజిలు తీశాక, మిగిలిన దాన్ని వాక్యూమ్‌లో మళ్లీ కాచితే అడుగున దిగేది బిటుమెన్, అంటే మనం తారు అనేది. దాని వెనక చమురు తవ్వకం ఉంది, ఓడ ప్రయాణం ఉంది, రిఫైనరీ పొగ ఉంది. ఆ తర్వాత అది గడ్డకట్టకుండా ట్యాంకరులో వేడిగా ఉంచాలి, ప్లాంటు ట్యాంకులో కూడా పగలూ రాత్రీ వేడిగానే ఉంచాలి. ఒక మంచి మాట కూడా చెప్పాలి. పెట్రోలులా తారుని మనం కాల్చం. అందులో ఉన్న కార్బన్ రోడ్డులోనే ఉండిపోతుంది. కాబట్టి వాతావరణం లెక్క వేసేటప్పుడు తారు కంటే, ఆ రాయిని వేడి చెయ్యడానికి మనం కాల్చే నూనెని ఎక్కువ చూడాలి.

హాట్‌మిక్స్ ప్లాంటు దగ్గరికి ఎప్పుడైనా వెళ్లారా? ఈ పిల్లల్లో కొందరైనా వెళ్లి ఉంటారు. కంకర బిన్నుల్లోంచి బెల్టు మీదుగా వచ్చి ఒక పెద్ద ఇనుప డ్రమ్ములో పడుతుంది. డ్రమ్ము కొంచెం ఏటవాలుగా ఉండి తిరుగుతూ ఉంటుంది. ఒక చివర బర్నరు మంట. రాయి లోపల పైకి లేచి కింద పడుతూ ఆ వేడిగాలిలో ఆరుతుంది, తర్వాత 160 డిగ్రీల దాకా కాగుతుంది. తడి రాయికి తారు పట్టదు కాబట్టి ముందు ఆరాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. పిల్లలూ, ఇది రాసుకోండి. ఒక టన్ను పొడి రాయిని 30 డిగ్రీల నుంచి 160 డిగ్రీలకి తేవాలంటే సుమారు 27 వేల కిలోకేలరీలు కావాలి. అదే రాయిలో 5 శాతం తడి ఉందనుకోండి. 50 కిలోల నీళ్లు. ఆ నీళ్లని మరిగే దాకా తేవడానికి 3,500, మరిగిన నీళ్లని ఆవిరి చెయ్యడానికి కిలోకి 540 చొప్పున 27 వేలు. మొత్తం 30 వేల పైన. అంటే రాయిని కాచడానికి ఖర్చయిన దానికంటే, ఆ రాయిని అంటుకున్న నీళ్లని తోలేయడానికి ఎక్కువ ఖర్చయింది. ఇక్కడ పొగాకు రైతులు ఉన్నారు కదా, మీకు నేను చెప్పేదేముంది. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో మీరు కాల్చే కట్టెలు ఆకుని కాల్చడానికా? ఆకులో నీటిని తీయడానికే కదా. ఇక్కడా అంతే.

ఆ లెక్కన 5 శాతం తడి ఉన్న కంకరకి టన్నుకి ఏడున్నర లీటర్ల ఫర్నేస్ ఆయిల్, అంటే బర్నరులో కాల్చే నూనె, దాకా పడుతుంది. అదే తడి 2 శాతానికి తగ్గిస్తే 5 లీటర్ల చిల్లరతో సరిపోతుంది. మన కిలోమీటరు రోడ్డుకి తేడా దాదాపు 2 వేల లీటర్లు. ఒక లీటరు కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక్క కిలోమీటరుకి 6 టన్నులు, పూర్తిగా వృథాగా, నీళ్లని ఆవిరి చెయ్యడానికి గాల్లోకి వదిలాం. ఇది కాంట్రాక్టరుకీ నష్టమే. పర్యావరణానికి మేలు, జేబుకి మేలు రెండూ ఒకే చోట దొరికే సందర్భాలు ఎక్కువ ఉండవు. దొరికిన చోటైనా వదులుకోకూడదు.

మరి తడి ఎక్కడి నుంచి వస్తుంది? మన దగ్గర ఒంగోలు నుంచి నెల్లూరు దాకా అసలు వాన పడేది అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో. సంక్రాంతి కాగానే బిల్లుల తొందర, మార్చి లోపు పని అవ్వాలన్న టెన్షన్. ఆరుబయట మూడు నెలలు నానిన కుప్పని జనవరిలో లోడరుతో ఎత్తి బిన్నులో పోస్తారు. పెద్ద చిప్స్ ఎండకి త్వరగానే ఆరతాయి. డస్ట్ ఆరదు. పైన తెల్లగా పొడిగా కనపడుతుంది, అడుగు లోతు తవ్వితే చేతికి ముద్ద అవుతుంది. నీళ్లన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. అందుకే ప్లాంటు మొత్తానికి కప్పు వెయ్యమని నేను అడగను. డస్ట్ కుప్ప ఒక్కదాని మీద రేకుల షెడ్డు వేస్తే చాలు. కుప్ప కింద నేలని సిమెంటు చేసి, ప్లాంటు వైపు కాకుండా అవతలికి వాలు పెట్టాలి. లోడరు డ్రైవరుకి అడుగు ముట్టుకోకుండా ఎత్తమని చెప్పాలి. ఈ మూడు పనులకి అయ్యే ఖర్చు నూనె ఆదాతో తిరిగొస్తుంది. అయినా షెడ్డు ఉన్న ప్లాంటు నాకు అరుదుగానే కనపడింది. అది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఇంకో సంగతి. ఆ తడి దుమ్ము బ్యాగ్ ఫిల్టరుని కూడా పాడు చేస్తుంది. బ్యాగ్ ఫిల్టరంటే వరసగా వేలాడే గుడ్డ సంచులు. డ్రమ్ములోంచి వచ్చే గాలి వాటి గుండా పోతుంది, దుమ్ము గుడ్డకి ఆగిపోతుంది. ఆవిరి ఎక్కువైతే దుమ్ము బురదలా అంటుకుని సంచి మూసుకుపోతుంది. గాలి ఆడదు, మంట సరిగా మండదు. అప్పుడు ఆపరేటరు సంచులు తీసేసి నడపాలని చూస్తాడు. ఆ రోజు నుంచి చుట్టుపక్కల మిరప చేలో, కంది చేలో ఆకుల మీద బూడిద రంగు పడుతుంది. ఆకు మీద దుమ్ము పేరుకుంటే ఎండ తగలదు, ఆకు ఊపిరి ఆడదు. కాపు తగ్గుతుంది.

పంచాయతీ సభ్యులకి ఇది చెప్పాలనుకున్నాను. మీ ఊరి దగ్గర ప్లాంటు ఉంటే చిమ్నీని చూడటం నేర్చుకోండి. మీటరు అక్కర్లేదు. తెల్లగా వచ్చి కాస్త దూరంలో కరిగిపోతే అది ఆవిరి. దానివల్ల మీకు హాని లేదు గానీ, కంకర తడిగా ఉందని, నూనె వృథా అవుతోందని అర్థం. నల్లగా వస్తే బర్నరుకి గాలి చాలటం లేదు, లేదా నూనె మంచిది కాదు. మట్టి రంగులో వచ్చి, గాలివాటున చాలా దూరం సాగి, కరగకుండా కిందికి దిగితే అది రాతిపొడి. ఫిల్టరు చెడింది లేదా తీసేశారు. నీలంగా, పల్చగా, ఘాటు వాసనతో వస్తే అది తారు పొగ. తారు మరీ ఎక్కువ వేడెక్కింది. రాయి ఎండటం, తారు కలవటం ఒకే డ్రమ్ములో జరిగే ప్లాంటుల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే మంటకీ తారుకీ మధ్య దూరం తక్కువ. ఫిర్యాదులో 'పొగ వస్తోంది' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ రంగు పొగ, గాలి ఎటు వీస్తోంది అని రాస్తే వచ్చిన ఇంజినీరు నేరుగా ఎక్కడ చూడాలో అక్కడ చూస్తాడు.

బర్నరులో ఏం కాలుస్తున్నారో కూడా అడగండి. ఫర్నేస్ ఆయిల్‌లో గంధకం ఎక్కువ. 3 శాతం గంధకం ఉన్న నూనె అయితే, మన కిలోమీటరు రోడ్డుకి ఆరు వేల లీటర్ల పైన కాలితే, 350 కిలోల పైచిలుకు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలకి అదెంత కష్టమో తల్లులకి తెలుసు. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో సుప్రీంకోర్టు 2017లోనే పరిశ్రమల్లో ఫర్నేస్ ఆయిల్ వాడకాన్ని ఆపింది. కొన్ని చోట్ల ఇంతకంటే చవగ్గా వస్తుందని పాత టైర్లు కాచి తీసిన నూనె కాలుస్తారు. దాని పొగ ఇంకా చెడ్డది. డీజిలు, గ్యాసు ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ తడి తగ్గించి ఆదా చేసిన డబ్బు ఆ తేడాలో కొంత పూడుస్తుంది.

ఇక పనిచేసే వాళ్లు. మిక్స్‌ని రోడ్డు మీద పరిచే యంత్రం, పేవరు, వెనక రేకు పారతో నిలబడే మనిషిని మీరంతా చూసే ఉంటారు. పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన వాళ్లు. మే నెలలో పైన 44 డిగ్రీల ఎండ, కాళ్ల కింద 140 డిగ్రీల మిక్స్, ముఖానికి ఒక తువ్వాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందనున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో అచ్చు వేసిన నివేదికలో, రోడ్ల పనిలో బిటుమెన్ పొగ పీల్చటం క్యాన్సరుకి కారణమయ్యే అవకాశం ఉందని 2బి వర్గంలో చేర్చింది. క్రషరు దగ్గరి రాతిపొడిలో ఉండే సిలికాని అయితే అదే సంస్థ 1997లోనే ఖాయంగా క్యాన్సర్ కలిగించే వాటిలో పెట్టింది. దానితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కి నయం చేసే మందు లేదు. తారు 10, 12 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే పొగ దాదాపు రెట్టింపవుతుందని ఈ రంగంలో చెప్పే లెక్క. కాబట్టి డ్రమ్ము దగ్గర థర్మామీటరు సరిగా పనిచేయటం ఆ మనిషి ఊపిరితిత్తులకి సంబంధించిన విషయం. ఇంకొకటి, తారు ఒంటి మీద పడితే చాలామంది డీజిలుతో కడుగుతారు. దయచేసి ఆ పని చెయ్యనివ్వద్దు. గట్టిపడ్డ తారుని పీకొద్దు. చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలైనా ధారగా పోసి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వేడి తగ్గించే దారి కూడా ఉంది. వార్మ్ మిక్స్ అంటారు. ఒక రసాయనం కొద్దిగా కలిపితే 20, 30 డిగ్రీలు తక్కువలోనే తారు రాయికి పడుతుంది. నూనె తగ్గుతుంది, పొగ బాగా తగ్గుతుంది. రోడ్ల కోడ్‌లు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) దీనికి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. టెండరులో ఆ ఐటం ఉంటేనే కాంట్రాక్టరు వాడతాడు. కాబట్టి రేపు ఎస్టిమేటులు వేసే ఉద్యోగాల్లోకి వెళ్లే మీరే ఆ ఐటం రాయాలి.

రాయి గురించి మాట్లాడకుండా మన జిల్లాలో ఈ సభ ముగించలేం. కిలోమీటరుకి 800 టన్నుల రాయి ఎక్కడి నుంచి వస్తుంది? కొండల నుంచి. కొండ పోతే మళ్లీ రాదు. దాని మీద మేసిన గొర్రెలు, దాని కింద చెరువులోకి దిగిన వాగు, అన్నీ పోతాయి. సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత, 5 హెక్టార్ల లోపు చిన్న క్వారీకి కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. క్రషరు యంత్రాలకి 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో దుమ్ము ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు ఉంది. బెల్టుల మీద కప్పు, దుమ్ము లేచే చోట నీటి తుంపర, చుట్టూ గోడ ఉంటే అది సాధ్యమే.

కానీ నా బాధ వేరే. చీమకుర్తి మన పక్కనే ఉంది. అక్కడి నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ, ప్రపంచమంతా వెళ్తోంది. తవ్విన రాయిలో పగులు లేని బ్లాకుగా బయటికి వెళ్లేది కొంతే, మిగతాది డంపు. రామతీర్థం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కనపడే ఆ నల్లటి గుట్టలు దేవుడు పెట్టినవి కావు. మనం పోసినవి. అప్పటికే పేల్చిన రాయి అది. అప్పటికే పైకి తెచ్చిన రాయి. పైగా అది గాబ్రో జాతి రాయి. పలుగురాయి (క్వార్ట్జ్) ఎక్కువ ఉన్న మామూలు గ్రానైట్ కంటే ఇలాంటి రాళ్లకి తారు గట్టిగా పడుతుంది, వానకి త్వరగా ఊడదు. రాయి ఎంత అరుగుతుందో చూసే లాస్ ఏంజెలెస్ టెస్టు, నీళ్లకి తారు ఊడుతుందేమో చూసే స్ట్రిప్పింగ్ టెస్టు చేసి, పాసైన రాయిని ఒంగోలు చుట్టూ వేసే రోడ్లకి ముందు వాడాలి. డంపుల్లో పనికొచ్చే రాయి ఉండగా కొత్త కొండని ఎందుకు పేల్చాలో టెండరు పిలిచే వాళ్లు సమాధానం చెప్పాలి. రవాణా దూరం ఎక్కువైతే ఈ లెక్క మారుతుంది, అది నిజం. గిద్దలూరుకి చీమకుర్తి రాయి మొయ్యమని నేను చెప్పను. ఒంగోలుకి, సంతనూతలపాడుకి, పొదిలికి అయితే చెబుతాను.

ఇప్పుడు రెండో తడి. వేసిన రోడ్డు మీది తడి. 2021 నవంబరులో పెన్నా వరద ఎలా వచ్చిందో నెల్లూరు వాళ్లు మరిచిపోరు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అంత వరదని ఏ రోడ్డూ ఆపలేదు. నేను మాట్లాడేది ప్రతి ఏడూ పడే మామూలు వాన గురించి. రోడ్డు నడిమి నుంచి అంచుకి రెండున్నర శాతం వాలు ఉండాలి. 7 మీటర్ల రోడ్డులో నడుమ ఎత్తు అంచు కంటే దాదాపు 9 సెంటీమీటర్లు ఎక్కువ అన్నమాట. ఆ వాలు ఉండి, బర్ము, అంటే తారు పక్కనుండే మట్టి అంచు, రోడ్డు కంటే కిందికి ఉండి, పక్కన కాలవ పారుతుంటే రోడ్డు బతుకుతుంది. మన దగ్గర ఏమవుతోంది? బర్ము మీద మట్టి పేరుకుని రోడ్డు కంటే ఎత్తవుతుంది. పొలంలోకి ట్రాక్టరు దిగటానికి కాలవ పూడ్చి, తూము వెయ్యరు. ఊళ్లోకి వస్తే ఇంటి ముందు ర్యాంపు కాలవ మీదికి వస్తుంది. మంచినీళ్ల పైపు కోసం రోడ్డు అడ్డంగా కోసి మట్టితో కప్పేస్తారు. నీళ్లు తారు సందుల్లోకి దిగుతాయి, లారీ టైరు ఆ నీళ్లని లోపలికి నొక్కుతుంది, తారు రాయిని వదిలేస్తుంది. ముందు చిన్న చిప్స్ లేస్తాయి, తర్వాత గుంత. పదేళ్లు ఉండాల్సిన పొర మూడేళ్లకే పోతే, ఇందాక మనం వేసిన లెక్కంతా మళ్లీ మొదటి నుంచి: 840 టన్నులు, ఆరు వేల లీటర్లు, ఇంకో కొండ ముక్క.

సిమెంటు రోడ్డు వేస్తే పీడా పోతుంది కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. నీళ్లకి అది బాగా తట్టుకుంటుంది, ఊళ్లో ఇళ్ల మధ్య అదే మంచిది. కానీ టన్ను సిమెంటు తయారీకి 600 నుంచి 800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. హైవే మందంలో కిలోమీటరు సిమెంటు రోడ్డుకి సిమెంటే వందల టన్నులు కావాలి. చోటుని బట్టి ఎంచుకోవాలి తప్ప అన్నిటికీ అదే మందు కాదు.

పాత తారుని పారెయ్యటం ఆపితే ఎంతో మేలు. మిల్లింగ్ మెషీన్‌తో 4 సెంటీమీటర్లు గీకితే మన కిలోమీటరులో 670 టన్నుల మెటీరియల్ వస్తుంది. అందులో 30 టన్నుల పైన తారు అంటుకునే ఉంది. దాన్ని తీసుకెళ్లి పల్లంలో పోసేస్తున్నాం. కొత్త మిక్స్‌లో దాన్ని కొంత శాతం కలపటానికి 2015 నుంచి ఐఆర్‌సీ కోడ్ ఉంది. మదురై త్యాగరాజర్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారు వేడి కంకర మీద ప్లాస్టిక్ తునకలు చల్లి, తర్వాత తారు కలిపే పద్ధతి కనిపెట్టారు. ఆయనకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ప్లాస్టిక్ పొర వల్ల నీళ్లు రాయి నుంచి తారుని త్వరగా వదిలించలేవు. అయితే పీవీసీ మాత్రం అందులో పడకూడదు, కాలితే క్లోరిన్ ఉన్న విషవాయువులు వస్తాయి. చెత్త వేరు చేసే దగ్గర జాగ్రత్త ఉంటేనే ఈ పని మొదలుపెట్టాలి.

ఎండ గురించి ఒక్క మాట. యేల్ యూనివర్సిటీ వాళ్లు 2020లో తేల్చింది ఏంటంటే, తారు వేసేశాక కూడా ఎండకి ఆవిర్లు వదులుతూనే ఉంటుంది. 40 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వెళ్తే అవి రెట్టింపయ్యాయి. మే నెలలో మన రోడ్డు పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు పక్కన చెట్లు కొట్టేసి మొక్కలు నాటకుండా వదిలేసే ప్రతి ఇంజినీరూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక పనులు. కాలుష్యాన్ని బట్టి పరిశ్రమలకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో చేసిన వర్గీకరణలో హాట్‌మిక్స్ ప్లాంటు, క్రషరు రెండూ ఆరెంజ్ కేటగిరీ. రాష్ట్ర మండలి నుంచి కట్టక ముందు ఒక అనుమతి (సీఎఫ్ఈ), నడపటానికి ఇంకో అనుమతి (సీఎఫ్ఓ) ఉండాలి. ఆ ఉత్తర్వులో ఏ ఇంధనం, ఎంత ఎత్తు చిమ్నీ, ఏ ఫిల్టరు అన్నీ రాసి ఉంటాయి. సమాచార హక్కు కింద కాపీ తీసుకుని పంచాయతీ ఆఫీసులో పెట్టుకోండి. రాష్ట్ర మండలికి ఒంగోలులో, నెల్లూరులో రీజనల్ ఆఫీసులున్నాయి. సెప్టెంబరులోనే మీ ఊరి రోడ్డు బర్ములు చెక్కించండి, తూములు తీయించండి. చిన్న గుంతలకి వేడి తారు కోసం ఎదురుచూడొద్దు. ఎమల్షన్‌తో, అంటే నీళ్లలో కలిపిన తారుతో, చేసే కోల్డ్ మిక్స్‌కి మంటే అక్కర్లేదు, వానల ముందు పూడ్చుకోవచ్చు. అరచేతి వెడల్పు ఉన్నప్పుడే పూడిస్తే తట్టెడు మిక్స్ చాలు, డిసెంబరు దాకా వదిలితే ట్రాక్టరు కావాలి.

డిప్లొమా పిల్లలు ప్రాజెక్టుకి టాపిక్ అడిగారు. ఏదైనా ప్లాంటుకి వెళ్లి డస్ట్ కుప్పలో పైన, నడుమ, అడుగున శాంపిల్ తీసి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచండి. తడి శాతం కట్టి, నూనె లెక్క వేసి ఆ ఓనరు చేతికే ఇవ్వండి. ఎవరెవరు చేస్తారో పేర్లు మీ సారుకి ఇవ్వండి. ప్రశ్నలు వెనక నుంచి మొదలుపెడదాం, ఆ మైకు అటు ఇవ్వండి.